మూడో తీగలో కరెంటు లేదన్నాను

ఆ ఉదయం బోరు దగ్గర ఉన్న మనుషులు ఇద్దరు: మా శేషయ్య బాబాయి, నేను. ఉన్న వస్తువులు ఇవి: రేకుల షెడ్డు, అందులో బోరు మోటారు స్టార్టరు, నేను చేత్తో తయారుచేసిన ఇనప డబ్బా ఒకటి, బాబాయి పార, ఆయన చెప్పులు, ఒక కటింగ్ ప్లేయరు, పసుపు పిడి టెస్టరు, గట్టు మీద తుండుగుడ్డ కప్పిన సద్దిగిన్నె. చుట్టూ పూత మీదున్న మిరపచేలు, మంచుకి తడిసిన నల్లరేగడి. చెప్పులు షెడ్డు గుమ్మంలో ఉన్నాయి, బాబాయి కాళ్ళకి లేవు. టెస్టరు నా చేతిలో ఉంది, ఆయన చేతిలో లేదు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి మరోలా ఉన్నా ఇది రాయాల్సిన పని పడేది కాదు.

నేనిప్పుడు చేసే ఉద్యోగం ఫ్యాక్టరీల్లో కరెంటు భద్రత తనిఖీ. మార్టూరు చుట్టుపక్కల రాళ్ళు కోసి పాలిష్ పట్టే యూనిట్లు ఎక్కువగా నాకే పడతాయి. కిందటేడు వాటిలో ఒకచోట పాలిష్ మెషిను నడిపే మనిషికి షాక్ కొట్టింది. బతికాడు. అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చ తప్ప పైకి ఏమీ లేదు. మూడు నెలలైనా పనిలోకి రావటం లేదని యజమాని, నిజంగానే బాగోలేదని ఆ పనివాడి భార్య. డాక్టరు ఏమంటాడో రాసుకు రమ్మని నన్ను వాళ్ళతో పాటు గుంటూరు పంపారు. బ్రాడీపేటలో, ఒక మందుల షాపు మీద మేడలో, నరాల డాక్టరు గది. ఆ గదిలో అతని సంగతంతా భార్యే చెప్పింది. నేను వరసగా రాసుకున్నాను.

"ఫ్యాను స్విచ్ నన్నే వెయ్యమంటాడండీ. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. పప్పులో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టాడు, మళ్ళీ ఆ మెతుకులు ఏరుతూ తనే ఏడ్చాడు. పెద్దపిల్ల పేరుతో చిన్నదాన్ని పిలుస్తాడు. మా అత్త ఇదంతా నటన అంటదండీ."

డాక్టరు తల ఊపుతూ విన్నాడు. ఆమె చెబుతున్నది ఆయనకు కొత్తేమీ కాదని ముఖమే చెప్పింది. "కరెంటు తలలోంచే పోవాలని లేదమ్మా," అన్నాడు. "చేతిలోంచి కాల్లోకి పోయినా కొందరికి ఇలా అవుతుంది. స్కాన్‌లో కనపడదు. కనపడదు కాబట్టే ఇళ్ళల్లో నటన అనుకుంటారు." నేను 'చేతిలోంచి కాల్లోకి' అన్నంతవరకు రాసి ఆగిపోయాను. ఆ మాట నేను పద్దెనిమిదేళ్ళ వయసులో, ఊరి మనుషుల ముందు, సరిగ్గా ఇదే వరసలో అన్నాను. కాకపోతే ఆ వాక్యాన్ని నేను వేరే రకంగా ముగించాను.

మా బాబాయి ఎలాంటివాడో ముందు చెప్పాలి, లేకపోతే ఏం పోయిందో తెలియదు. మా నాన్నకి తమ్ముడు. రెండిళ్ళకీ మధ్య ఒక గోడ, ఆ గోడలో తలుపు లేని దారి. పొద్దున లేచేసరికి కోటేశ్వరమ్మ పిన్ని పొయ్యి మీద కాచే పాల వాసన మా ఇంట్లోకి, మా అమ్మ తాలింపు వాసన వాళ్ళింట్లోకి వచ్చేవి. మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే ఆ రెండు వాసనలూ ఉండేవి కావు. కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు ఒక్కటే ఉండేది. అది బట్టల్లో, దిండ్లలో, అన్నంలో ఉండేది. మా ఇళ్ళకి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. బాబాయి వాళ్ళని చూసి, ఆడో మగో చూడకుండా, "తుమ్మండి, తుమ్మితేగానీ మా ఇంటి చుట్టమని నమ్మం," అనేవాడు. ఆయన భోంచేసేటప్పుడు పచ్చిమిరపకాయని తొడిమ పట్టుకుని, కొరికే ముందు ఒకసారి వెలుతురుకి పెట్టి చూసేవాడు. అది ఎవరి చేలో కాయో, ఎన్నో కోతదో చెప్పేవాడు. మేం నవ్వితే, వెళ్ళి అడిగి రమ్మనేవాడు. నేను రెండుసార్లు వెళ్ళి అడిగాను. రెండుసార్లూ ఆయన చెప్పిందే నిజం.

బోరు నాలుగిళ్ళది: మాది, బాబాయిది, రాఘవయ్య మావయ్యది, సాంబయ్య గారిది. నీళ్ళు వంతులవారీగా పారేవి. పొలం కాలవలో ఒక చేనికి అడ్డం కట్టి ఇంకో చేనికి గండి తెరవటాన్ని మడవ తిప్పటం అంటారు. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. వంతు ఎవరిదైనా మడవ మాత్రం ఒక్క మనిషే తిప్పాలి. నీళ్ళు పట్టేవాడు తన చేనికి తనే తిప్పుకుంటే గంట గంటకీ గొడవే. అందుకని నలుగురూ కలిసి ఒకడి చేతికి పార ఇస్తారు. ఆ మనిషి మాటకి ఎదురు లేదు. మా బోరుకి ఆ మనిషి బాబాయి. కరెంటు ఒక వారం పొద్దుట, ఒక వారం మధ్యాహ్నం వచ్చేది. మధ్యలో పోయేది. పోయిన గంట ఎవరి వంతులో పోయిందో, దాన్ని ఎప్పుడు పూడ్చాలో, ఎవరి చేను పూత మీదుందో, ఎవరిది కోతకొచ్చి రెండు రోజులు ఆగగలదో, ఇదంతా ఆయన తలలోనే ఉండేది. కాగితం మీద ఒక్క ముక్క ఉండేది కాదు. డిప్లొమాలో చేరిన కొత్తల్లో నేను దానికి ఒక పట్టిక గీసి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, సద్దిగిన్నె కింద పెట్టుకున్నాడు. వేడి తగలకుండా.

గుంటూరులో నేను చదివేది ఎలక్ట్రికల్ డిప్లొమా, రెండో సంవత్సరం. శని, ఆదివారాలు ఊరొచ్చేవాణ్ణి. మా పొలాల మోటార్లకి మూడు తీగల్లో కరెంటు కావాలి. అది రోజులో కొన్ని గంటలే ఇచ్చేవాళ్ళు. మిగతా వేళ ఇళ్ళల్లో దీపాలు వెలిగేందుకు రెండు తీగల్లోనే వచ్చేది. రెండు తీగలతో మోటారు తిరగదు. అయితే కండెన్సర్లు కలిపిన డబ్బా ఒకటి మధ్యలో పెడితే తిరుగుతుంది. అది చేయకూడని పని, చాలామంది చేసే పని. ఆ ఏడు మిరప పూత మీదుండగా వాన మొహం చాటేసింది. నేను గుంటూరు నుంచి కండెన్సర్లు తెచ్చి డబ్బా కట్టాను. ఇందులో ఒక మెలిక ఉంది. అలా తిరిగే మోటారు, ఖాళీగా ఉండాల్సిన మూడో తీగలోకి తనే కరెంటు పంపిస్తుంది. స్తంభం వైపు నుంచి చూస్తే ఆ తీగ చచ్చిన తీగ, మోటారు వైపు నుంచి చూస్తే బతికిన తీగ. అందుకని డబ్బా వాడేటప్పుడు మూడో తీగని విడదీసే స్విచ్ ఒకటి పెట్టాలి. ఇది నాకు తెలియకపోవటం కాదు. మా మాస్టారు బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. స్విచ్ వచ్చే వారం తెద్దామనుకున్నాను.

ఆ ఉదయం మోటారు నా డబ్బా మీద మొదటిసారి తిరిగింది. పైపులోంచి నీళ్ళు వచ్చాయి. బాబాయి పైపు మీద అరచెయ్యి ఆనించి, నీటి ఊపు చూసి, "మా వాడు ప్రభుత్వాన్నే మోసం చేశాడు," అని మురిసిపోయాడు. నేను డబ్బా మూత బిగిస్తున్నాను, టెస్టరుతోనే. షెడ్డు బయట, గుంజ మీద, మూడో తీగకి వేసిన అతుకు ఎప్పట్నుంచో వదులుగా ఉండి నిప్పురవ్వలు కొడుతుండేది. ఎలాగూ ఇప్పుడు ఆ తీగలో కరెంటు ఉండదు కదా, బిగించేస్తే ఒక పనైపోతుందని బాబాయి ప్లేయరు తీసుకున్నాడు. బయటినుంచి అడిగాడు.

"టెస్టరు ఇలా అందుకోరా."

"ఎందుకు బాబాయ్, మూడో తీగలో కరెంటు లేదు."

తల ఎత్తలేదు. ఒక మర మిగిలింది, అది బిగిస్తున్నాను. ఆ జవాబు ఇవ్వటానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అడిగినవాడు నన్ను నమ్మేవాడు, నేను చదువుకున్నవాణ్ణి, స్తంభం వైపు నుంచి ఆలోచిస్తే నా జవాబు సరైనదే.

అరుపు వినపడలేదు. షాక్ కొట్టినవాడు అరవలేడు. గొంతులోంచి ఒక మూలుగు లాంటిది వస్తుంది. నేను తిరిగి చూసేసరికి ఆయన తీగ పట్టుకుని నిలబడి ఉన్నాడు, నన్నే చూస్తున్నట్టుగా. నాకు ఆ చూపుతోనే మొత్తం అర్థమైంది. ఆ తర్వాత నేను చేసిన పనులు నాలుగు. ఎర్ర మీట నొక్కి మోటారు ఆపాను. తీగ వదిలి పడిపోయిన ఆయన దగ్గరికి పరిగెత్తి ముక్కు దగ్గర వేలు పెట్టాను, ఊపిరి ఉంది. వెనక్కి వచ్చి డబ్బాకున్న మూడు వైర్లూ విప్పి, దాన్ని పత్తికట్టె మోపుల కింద తోశాను. అప్పుడు, ఆ తర్వాతే, మనుషుల కోసం కేకలు వేశాను. మూడో పనికి ఎంతసేపు పట్టిందో నేను కొలవలేదు. అన్నీ కొలిచే నేను దాన్ని ఇంతవరకు కొలవలేదు.

ఆయన్ని దగ్గర్లోని టౌన్లో ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. గుండె పరీక్ష బాగానే ఉంది. కుడి అరచేతిలో ఒక పుండు, ఎడమ మడమలో ఒక పుండు. గండం గడిచిందన్నారు. పిన్ని కోటప్పకొండకి మొక్కు తీర్చింది. నాకు ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు. అందరూ బాబాయి మీద ప్రేమ అనుకున్నారు. ప్రేమ కూడా ఉంది, లేదనను. కానీ నేను ఎదురుచూసింది ఆయన ఏం చెబుతాడోనని. మూడో రోజు ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, అసలు ఎలా జరిగిందిరా శేషా అని. బాబాయి పైపు మీద చెయ్యి పెట్టటం గుర్తుందన్నాడు. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు గుర్తుందన్నాడు. మధ్యలోది లేదన్నాడు. నన్ను చూసి, నువ్వే కదరా నన్ను బతికించిందని చెయ్యి పట్టుకున్నాడు. నేను కాదనలేదు. ఆయన మరుపులో నేను దాక్కోవటం అక్కడ మొదలైంది.

పుండ్లు నెలలో మానాయి. మిగతావి మెల్లగా బయటపడ్డాయి. మొదట స్విచ్‌లు. గదిలోకి వచ్చి చీకట్లో నిలబడి పిన్నిని పిలిచేవాడు. మోటారు చప్పుడు మొదలైతే భుజాలు బిగుసుకునేవి. అన్నంలో కాలిన వాసన వస్తుందనేవాడు. అమ్మ, పిన్ని ఒకేసారి మాట్లాడుతుంటే లేచి గొడ్లచావిట్లోకి వెళ్ళిపోయేవాడు. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగి, అవతలివాళ్ళు పూర్తి చేస్తారేమోనని చూసేవాడు. ఎవరూ చేయకపోతే నవ్వేసేవాడు. అంతకుముందు ఎన్నడూ చెయ్యెత్తని మనిషి, గేదె తల తిప్పిందని దాన్ని పలుపుతో కొట్టి, కాసేపటికి దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. మిరపకాయ వెలుతురుకి పెట్టి చూడటం మానలేదు. చూసి, ఏమీ చెప్పకుండా కొరికేవాడు.

మడవలు తప్పటం మాఘంలో మొదలైంది. ఒకసారి సాంబయ్య గారి చేనికి రావాల్సిన రెండు వంతులు తప్పిపోయాయి. ఇంకోసారి మా చేనికే మూడు రోజుల్లో రెండుసార్లు పెట్టి, రాఘవయ్య మావయ్య చేనికి పెట్టేశాననుకున్నాడు. మావయ్య చేను అప్పుడే రెండో పూత పట్టింది. నీళ్ళు లేక పూత రాలింది. ఆయన ఊరుకునే మనిషి కాదు, అలాగని చెడ్డవాడూ కాదు. కల్లంలో కాయలు తిరగబోస్తుండగా సాంబయ్య గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న, బాబాయి, పిన్ని, నేను అక్కడే ఉన్నాం. ఇంకో పది మంది కూలి ఆడవాళ్ళు తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. మావయ్య వాళ్ళకి వినపడేట్టే మొదలుపెట్టాడు.

"శేషయ్య మరుపు భలే మరుపు బావా. మా చేను మరిచిపోద్ది, మీ చేను మరిచిపోదు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. బాబాయి లేచి నిలబడ్డాడు. తను కావాలని చేయలేదనీ, షాక్ కొట్టినప్పట్నుంచీ తలలో లెక్క నిలవటం లేదనీ అన్నాడు. ఆ మాట ఆయన పైకి అనటం అదే మొదలు. అంత పెద్ద మనిషి, పది మంది ఆడవాళ్ళ ముందు, తన తల పనిచేయటం లేదని ఒప్పుకోవటానికి ఏం కావాలో ఇప్పుడు అర్థమవుతుంది. పిన్ని అప్పటికే రెండుసార్లు నన్ను పక్కకి పిలిచి అడిగింది, మీ మాస్టార్లని అడిగి చెప్పరా, కరెంటు కొడితే మనిషి మారిపోతాడా అని. అడుగుతానన్నాను, అడగలేదు. అడిగితే, ఎలా కొట్టిందని మాస్టారు తిరిగి అడుగుతాడు.

మావయ్య నా వైపు తిరిగాడు. "నువ్వు చదివేది అదేగా. నువ్వు చెప్పరా, షాక్ కొడితే మరుపొస్తదా?"

అందరూ నన్ను చూశారు. బాబాయి కూడా చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. నేను తన వైపు చెబుతానని ఆయనకి నమ్మకం. నేను వస్తుందని చెప్పొచ్చు. తెలియదని చెప్పొచ్చు, అదే నిజం. కానీ షాక్ సంగతి మళ్ళీ లేస్తే, కరెంటు లేని తీగలో షాక్ ఎలా కొట్టిందనే ప్రశ్న లేస్తుంది. అప్పటిదాకా అది ఎవరికీ తట్టలేదు. పుల్ల తీసుకుని నేల మీద మనిషి బొమ్మ గీశాను. కుడి చేతి నుంచి ఛాతీ మీదుగా ఎడమ కాలి వరకు బాణం గుర్తు పెట్టాను. చేతిలోంచి కాల్లోకి పోయింది, అన్నాను. దారిలో తల లేదు, కాబట్టి తలకేమీ కాదు. కరెంటు శరీరంలో నిలవ ఉండేది కాదు, పోతే పోయినట్టే. ఎంత స్పష్టంగా చెప్పానంటే, సాంబయ్య గారు బొమ్మ వైపు చూసి, ఓహో అన్నాడు.

బాబాయి ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. తర్వాత గోడకి ఆనించి ఉన్న పార తెచ్చి రాఘవయ్య మావయ్య ముందు పెట్టాడు. పెట్టేటప్పుడు దాని మట్టి తుండుగుడ్డతో తుడిచాడు. "వాడు చదువుకున్నాడు, వాడికి తెలుస్తది," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆయన నా మాట నమ్మాడు. మొదటిసారి మూడో తీగ గురించి నమ్మినట్టే, తన తల గురించి కూడా నమ్మాడు. ఆ రోజు నుంచి మరిచిపోయిన ప్రతిసారీ ఆయన తనని తనే అనుమానించుకున్నాడు. నాకు బద్ధకం ఎక్కువైందే అని పిన్నితో అనేవాడట. ఆమె ఈ మధ్యే చెప్పింది.

ఊళ్ళో అది సామెత అయింది. అప్పు తీసుకున్న సైకిల్ తిరిగివ్వనివాడిది, పెళ్ళి భోజనానికి రెండుసార్లు కూర్చున్నవాడిది, అన్నీ శేషయ్య మరుపే. ఒకసారి బస్టాపులో నా ఈడువాడొకడు ఆ మాటంటే అందరితో పాటు నేనూ నవ్వాను. ఎవరూ నన్ను నవ్వమని బలవంతపెట్టలేదు. ఆ డబ్బాని తర్వాత విప్పి కండెన్సర్లు అమ్మేశాను. డిప్లొమా మీద ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం వచ్చింది. కరెంటు భద్రతే ఎందుకు ఎంచుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే, చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ప్రమాదం చూశానని చెప్పాను. చూశానని.

బ్రాడీపేట నుంచి వచ్చిన ఆదివారం ఊరెళ్ళాను. ఇప్పుడు నాలుగిళ్ళకీ నాలుగు బోర్లున్నాయి. మోటారు ఫోన్ లోంచే ఆన్ చేస్తారు, నీళ్ళు సన్నటి పైపుల్లో మొక్క మొదట్లోకి పోతాయి. మడవ తిప్పటమంటే ఏమిటో మా ఊరి పిల్లలకి చెప్పాలి. మనిషి మాట మీద నీళ్ళు పారే అవసరం పోయింది. మంచిదే. మనిషి మాట పోగొట్టటం కూడా ఇప్పుడు అంత తేలిక కాదు, దాని మీద ఏదీ ఆధారపడి లేదు కాబట్టి. మా రెండిళ్ళ మధ్య దారికి మాత్రం ఇంకా తలుపు లేదు. బాబాయి వసారాలో ముందు చాట పెట్టుకుని తాలుకాయలు ఏరుతున్నాడు. పిన్ని ఇంకో చాటతో ఎదురుగా కూర్చుంది. నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను: డబ్బా, స్విచ్, టెస్టరు, ఆయన అడిగిన మాట, నేను చెప్పిన మాట, పత్తికట్టె, పుల్లతో గీసిన బొమ్మ, డాక్టరు మాట. వరస తప్పకుండా చెప్పాను. పిన్ని చేతులు ఆగిపోయాయి. బాబాయి ఏరుతూనే ఉన్నాడు. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"ఈ మాట రాఘవయ్యకి చెప్పావా?"

లేదన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నావ్? నేను దొంగని కాదని నాకు చెప్తే ఏముంది?"

లేచి అటే వెళ్ళాను. మావయ్యకి మోకాళ్ళు పోయాయి, మంచం మీదే ఉన్నాడు. అంతా విని, ఇప్పుడు చెప్తే ఏం చెయ్యమంటావురా, మడవ తెచ్చి ఇవ్వనా అని కసిరాడు. కానీ మర్నాడు కొడుకు బండి మీద ఎక్కి బాబాయి ఇంటికొచ్చాడట. నేను అప్పటికి మార్టూరులో ఉన్నాను.

పదిహేను రోజులకి మళ్ళీ వెళ్ళాను. బాబాయి ఉత్సాహంగా ఉన్నాడు. నన్ను కూర్చోబెట్టి ఒక వింత చెప్పాడు. "రాఘవయ్య ఎందుకొచ్చాడో అర్థం కాలేదురా. ఇన్నేళ్ళకి మా గడప తొక్కాడు. మజ్జిగ తాగాడు, ఏడ్చాడు, బావా అని చెయ్యి పట్టుకున్నాడు, పోయాడు. ముసలాడికి మతి తప్పుతుందేమో."

నేను పిన్ని వైపు చూశాను. ఆమె చాట చెరుగుతోంది. బాబాయ్, నేను పోయినసారి వచ్చి చెప్పింది గుర్తుందా అని అడిగాను. ఏం చెప్పావ్ అన్నాడు. ముఖం మామూలుగా ఉంది. ఆ ముఖాన్ని నేను పరిశీలించాను. నిజంగా మరిచిపోయాడా, నా నోటితో మళ్ళీ వినాలని అలా ఉన్నాడా, కళ్ళలో ఏదైనా దొరుకుతుందా అని వెతికాను. వెతుకుతూ ఉండగానే తెలిసింది, నేను చేస్తున్నది ఏమిటో. ఆ కల్లంలో పది మంది ఆడవాళ్ళు చేసిన పనే చేస్తున్నాను. డాక్టరు మాట కాగితం మీద రాసుకున్నాను, రిపోర్టులో సంతకం పెట్టాను, ఆ రాళ్ళ యూనిట్ మనిషి నటించటం లేదని నాలుగు పేజీలు వాదించాను. మా బాబాయి ముందు కూర్చుంటే మళ్ళీ అదే అనుమానం వచ్చింది. ఆయన్ని నమ్మటం ఇంకా నాకు రాలేదు.

మళ్ళీ మొత్తం చెప్పాను. ఈసారి ఆయన చేతిలోని తాలుకాయలు నా ముఖాన కొట్టి లోపలికి పోయాడు. కళ్ళు మండుతుంటే బావి దగ్గర కడుక్కున్నాను. మూడోసారి విన్నప్పుడు నవ్వాడు. టెస్టరు ఇవ్వలేదా, ఎంత పిసినారివిరా అన్నాడు. ఒకసారి క్షమించాడనీ, ఒకసారి కొట్టాడనీ నేను అనుకోవటానికి లేదు. ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారే, ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. చెప్పకుండా ఊరుకుంటే ఆయన తను బద్ధకస్తుణ్ణనే అనుకుంటూ పోతాడు. చెబితే ఆ పూట అన్నం తినడు. ఏది చెయ్యమంటావు పిన్నీ అని గుమ్మం దగ్గర అడిగాను. నిజంగానే మరిచిపోతున్నాడా అని కూడా అడిగాను, అడగకుండా ఉండలేక.

"అది నేను అడగనురా," అంది పిన్ని. "ఇన్నేళ్ళూ ఊరంతా అడిగింది. నేనన్నా అడక్కుండా ఉండాలిగా. ఆయన అడిగినప్పుడల్లా నువ్వు చెప్పు."

పోయిన ఆదివారం బాబాయే మొదలుపెట్టాడు. అరచేతిలో మచ్చ చూపించి, ఇది ఎలా పడిందో నీకేమన్నా తెలుసా, నువ్వక్కడే ఉన్నావంట కదా అన్నాడు. ఆయన పక్కన కూర్చుని చెప్పాను. ముఖంలోకి చూడకుండా, మచ్చనే చూస్తూ చెప్పాను. అయిపోయాక చాట నా వైపు జరిపాడు, నేను కూడా ఏరాను.

ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను.